నిప్పులేని పాకము

సంస్కృతమును గురువులయొద్ద చదివితిమి. ఆంగ్లమున పట్టము పుచ్చుకొంటిమి. ఇరువదియొక సంవత్సరములనుండి ఉన్నత పాఠశాలలో పిల్లలకు తెలుగు చెప్పి బ్రదుకుచున్నాము. ఇంతటి వారమైన మేము నలుబదినాలుగవ యేటివఱకు సోలెడు బియ్యమునకు ఎసరెంత పోయవలెనో యెఱుగము. ఎఱుగమని చెప్పుకొనుటకు సిగ్గుపడనులేదు. పైపెచ్చు అది యొక గౌరవమని తలంచితిమి. మాకు వంటయిల్లనగా గడపవఱకే. గడప కీవల నిలిచి "కాఫీ అయిందా?" అని యడుగుటతో మా పాకప్రవేశము ముగియుచుండెను.

ఇప్పుడు చెప్పబోవునది నిమ్మవాసన వేయు తెల్లచాక్లెట్టు ఉండలనుగూర్చి. ఆంగ్లేయులు వానిని లెమన్ ట్రఫుల్సు అందురు. వానికి పొయ్యి యక్కఱలేదు, కాల్చుట యక్కఱలేదు. కలిపి, చల్లార్చి, ఉండకట్టిన చాలును. ఇది వంటలనుగూర్చిన వ్యాసమనుకొని మగవారు పుట త్రిప్పివేయవలదని ప్రార్థన. వారికొఱకే వ్రాయుచున్నాము.

2023 నవంబరు 14వ తేదీన మా పాఠశాలలో బాలల దినోత్సవము జరిగినది. ఆటలపోటీలు, పాటలపోటీలతోపాటు నిప్పులేని వంటల పోటీ యని యొకటి పెట్టిరి. ఈ పోటీ యిప్పుడు అనేక పాఠశాలలలో వాడుకలోనికి వచ్చినది. పిల్లలు పొయ్యిదగ్గఱకు పోరాదు గనుక మొలకెత్తిన పెసలు, పండ్లముక్కలు, అటుకులు, మరమరాలు, రొట్టెముక్కల నడుమ దోసకాయ చక్రములు, వీనితో ఏదో యొకటి కూర్చి, పళ్లెము నలంకరించి తెత్తురు. పరీక్షకులు ముగ్గురు. ఇద్దఱు ఉపాధ్యాయినులు, మూడవవారము మేము. మగవాడొక్కడైన లేకున్న బాగుండదని ప్రధానోపాధ్యాయులవారి యభిప్రాయము. తినుటలో గల దీర్ఘానుభవము తప్ప మాకు వేఱొక యర్హత కలదాయని యెవ్వరును అడుగలేదు.

బల్లలవెంబడి ఇరువదిమూడు పళ్లెము లుండెను. ఇరువదిరెండింటి వెనుక బాలికలు నిలిచియుండిరి. చివరిదాని వెనుక ఎనిమిదవ తరగతి బాలుడొకడు. సన్ననివాడు. తరగతిలో వెనుకబల్లపై కూర్చుండును. గణవిభజన చేయుమన్న తప్పుచేయడు గాని తానుగా చేయి యెత్తడు. వాని స్టీలుపళ్లెములో అరటియాకు ముక్కపై పండ్రెండు తెల్లని ఉండలు, పెద్ద ఉసిరికాయంతేసి, చక్కెరపొడిలో దొర్లించినవి, వరుసగా నుండెను. అలంకారమేమియు లేదు.

మే మొకదానిని నోట వేసికొంటిమి. పంటికి పని తగులకమునుపే యది కరగినది. మొదట తీపి, వెంటనే నిమ్మతొక్క వాసన ముక్కున కెక్కినది, కడపట నాలుక అంచున కొంచెము పులుపు. ఆనాడు మేము రుచిచూచిన యిరువదిమూడింటిలో దానికి సాటివచ్చునది లేదు. ఈమాట ఆనాడే పైకి అనియుండినచో ఈ వ్యాసము వ్రాయు పని తప్పియుండును.

"ఎవరు చేశారురా ఇవి? మీ అమ్మా?"

"నేనేనండి మాస్టారూ."

"చాక్లెట్టు కరిగించకుండా ఉండ ఎట్లా అయింది? పొయ్యిమీద పెట్టావా?"

"లేదండి. మా ఇంటి రేకులమీద ఎండలో పెట్టానండి."

మేము నవ్వితిమి. "ఎండలో పెడితే వడియాలవుతాయి, అప్పడాలవుతాయి. మిఠాయి కూడా అవుతుందా? అబద్ధమాడినా అతికినట్టుండాలిరా" అంటిమి. చుట్టునున్న పిల్లలు గొల్లుమనిరి. తరగతి నవ్వు రుచిమరగిన ఉపాధ్యాయుడు ఒకమాటతో ఆగడు. "చదువు సంగతి అలా ఉంచి పెళ్లివారింట పప్పు వండుతావా యేమి? రేపటినుంచి గాజులు తొడుక్కుని రా" అని కూడ అంటిమి. మరల నవ్వు. అంతట మార్కుల కాగితముపై వాని పేరునెదుట 'నియమోల్లంఘనము' అని వ్రాసి సున్న చుట్టితిమి. తోడి పరీక్షకురాండ్రు ఒకరి మొగ మొకరు చూచుకొనిరి. ఉద్యోగమున మాకంటె చిన్నవారు, మాటాడలేదు.

వాడు ఏడ్వలేదు. మిగిలిన పదునొకండు ఉండలను ఎవ్వరికిని పంచకుండ డబ్బాలో సర్దుకొని, అరటియాకు ముక్కను మడిచి జేబులో పెట్టుకొని పోయెను.

సాయంకాలము ఆ యుపాధ్యాయినులలో నొకరు మాయొద్దకు వచ్చి వాని సంగతి చెప్పిరి. తండ్రి లేడు. తల్లి యొక బేకరీలో పెట్టెలు కట్టు పని చేయును. రాత్రి తొమ్మిది గంటలకుగాని యిల్లు చేరదు. వీడు బడినుండి పోయి అన్నము వండి, చారో పచ్చడో చేసి, చెల్లెలికి పెట్టి తాను తినును. బేకరీలో విరిగిన చాక్లెట్టు పలకలను పనివారికి చౌకగా ఇత్తురట. "వాడు వంట చేసేమాట నిజం మాస్టారూ. ఎండసంగతి నాకు తెలియదు" అని ఆమె వెడలిపోయినది.

ఆ రాత్రి మాకు నిద్రపట్టలేదని వ్రాయుట సంప్రదాయము. నిద్ర బాగుగనే పట్టినది. మనస్సాక్షి యంత త్వరగ మేలుకొనునది కాదు. ముందుగ మేలుకొన్నది పంతము. వాడు వంట చేయుట నిజమేయగుగాక, ఎండమాట అబద్ధమే. ఆమాట ఋజువైనచో మా సున్న నిలుచును. ఋజువుచేయుటకు మేమే యొకమాఱు చేసిచూచుట మేలని తోచినది. మూడవనాడు నాగులచవితి. ఆ దినమునకు సెలవు పెట్టుకొని, ముందునాటి సాయంకాలమే కేకులు చేయువారికి సరకులమ్ము దుకాణమునకు పోయితిమి.

అక్కడ మాకు తొలిపాఠమైనది. తెల్లచాక్లెట్టని రెండు విధముల పలక లుండెను. ఒకటి కోకోగింజనుండి తీసిన కొవ్వును, చక్కెరను, పాలపొడిని చేర్చి చేసినది. నల్లని కోకోపొడి అందుండదు, కనుకనే తెలుపు. రెండవది కాంపౌండు. అందు కోకోవెన్నకు బదులు వేఱు నూనెల కొవ్వు వేయుదురు, వెల తక్కువ. మేము మొదటిదానిని కొంటిమి. పలకను చేతబట్టుకొని వచ్చుచుండగా ఒక సంగతి తట్టినది. మా బంధువులకు ఏలూరువైపు కొబ్బరితోటలు కలవు. ఆ చెట్ల నీడన కోకోమొక్కలు పెంచుదురు. దేశమున కోకోపంటలో ఆంధ్రప్రదేశమే మొదటిది. పసుపుపచ్చని ఆ కాయలను పలుమాఱులు చేతబట్టుకొని చూచినారము గాని, లోపలి గింజలో వెన్న యున్నదనియు, ఆ వెన్న యించుమించు 34 డిగ్రీల వేడిమికే కరగుననియు నెన్నడును విచారింపలేదు. మన శరీరపు వేడి 37 డిగ్రీలు. నోట వేసికొన్న క్షణముననే యది కరగుటకు కారణ మిదియే. ఈ లెక్క ఆ రాత్రియే సరిగా వేసికొన్నచో ఎండమాటకూడ తేలిపోయెడిది. వేసికొనలేదు. పంతమున కూడికలు తీసివేతలు పనిచేయవు.

ఇక ట్రఫులు అను పేరు. ఫ్రాన్సు, ఇటలీ దేశములలో ఓకుచెట్ల వేళ్లయొద్ద నేలలోపల పుట్టు నొకజాతి పుట్టగొడుగున కది పేరు. ఎగుడుదిగుడుగా, మట్టి యంటుకొని, గుండ్రముగా నుండును. వెల చాల యెక్కువ. చాక్లెట్టును మీగడతో కలిపి ఉండచేసి కోకోపొడిలో దొర్లించిన ఆ గడ్డవలె కనబడునని ఆ పేరే పెట్టిరి. మన మిఠాయిలలో కాజ, జాంగ్రీల పేరులు తెలియనివాడు లేడు. దీని పేరు తెలిసినవాడు మా వీధిలో మేము తప్ప లేడని యొక చిన్న గర్వముకూడ నప్పుడు కలిగినది.

పద్ధతిని ఫోనులో చూచి కాగితముపై ఎక్కించుకొంటిమి. తెల్లచాక్లెట్టు 200 గ్రాములు. క్రీము 60 మిల్లీలీటర్లు. వెన్న 30 గ్రాములు. రెండు నిమ్మపండ్ల తొక్క తురుము. రసము ఒక చిన్నచెంచాడు. చిటికెడు ఉప్పు. దొర్లించుటకు చక్కెరపొడి. ఇంతే. దీనికి నలుబదినాలుగేండ్ల పురుషుడు భయపడవలసిన దేమున్నది?

ముందు నిప్పుతో ఎట్లగునో చూచి, తరువాత ఎండలో కాదని తేల్చవలెనని మా యూహ. గిన్నెను స్టవ్వుపై పెట్టి, చాక్లెట్టు ముక్కలు వేసి, మంట పెంచితిమి. రెండు నిమిషములలో అడుగున గోధుమరంగు మచ్చ తేలినది. మాడువాసన ముందుగదిలోనికి వ్యాపించినది. పాలపొడియు చక్కెరయు నున్న పదార్థము నేరుగా మంట నోర్చుకొనదని మా భార్య కెఱుకయే. ఆమె ఇరువదియేండ్లనుండి ఆ స్టవ్వుతో కాపురము చేయుచున్నది. కాని ఆమె గడపయొద్ద నిలిచి చూచుచుండెను, ఒకమాటయు ననలేదు. గడపకు లోపల మేమును, వెలుపల నామెయు నుండుట మా యింట నదియే మొదటిసారి.

రెండవమాఱు మరుగునీటిపై గిన్నె నుంచి మెల్లగా కరగించితిమి. పాలవలె నున్నగా వచ్చినది. సంతోషమునకు మేర లేక, పులుపు చాలదేమోయని క్రీము పోయకమునుపే ఒక నిమ్మచెక్కను పిండితిమి. చూచుచుండగనే పాలవంటి పదార్థము ఇసుకముద్ద యైపోయెను. ఎంత కలిపినను పొడిపొడిగా నుండునే గాని కలియదు. తరువాత తెలిసికొంటిమి: కరగిన చాక్లెట్టులో నీటిబొట్లు కొద్దిగ పడిన, అందలి చక్కెరకణములు ఆ తడిని పట్టుకొని ఒకదాని కొకటి అంటుకొని గడ్డకట్టునట. కొద్ది తడి కీడు. ఎక్కువ తడి మేలు. క్రీము ముందుగ కలిసియున్నచో రసము చెంచాడు పడినను హాని లేదు. వరుస తప్పుటయే మా తప్పు. వ్యాకరణమున సూత్రముల పూర్వాపరములను గూర్చి గంటలకొలది ఉపన్యసించు మాకు గిన్నెలోకూడ పూర్వాపరములు కలవని తోచకపోయెను.

అప్పటికి మా భార్య నోరు విప్పినది. "ఇంతకీ ఈ తాపత్రయం ఎందుకండీ?" అనెను. జరిగినది చెప్పితిమి. గాజులమాట దాచుదమనుకొంటిమి గాని మాటవరుసలో బయటపడినది. ఆమె కొంతసేపు మాడిన గిన్నెను చూచి, "ఇరవయ్యేళ్లలో నాకు జ్వరమొచ్చినరోజున కూడా కాఫీ కలిపి ఇవ్వలేదు. పరాయి పిల్లాడు అబద్ధాలకోరని నిరూపించడానికి వంటింట్లోకొచ్చారన్నమాట" అని గిన్నె తీసికొనిపోయి నీళ్లలో నానవేసినది.

దీనికి సమాధానము మాకు నేటికిని తట్టలేదు.

వంటయింటి మూలన మా తల్లి చిన్నరోటిలో చిమ్మిలి దంచుచుండెను. నువ్వులు, బెల్లము, ఏలకులు; దంచి ఉండచేయుటయే. ప్రక్కన పళ్లెములో చలిమిడి, నానిన పెసరపప్పు. నాగులచవితినాడు పుట్టకు నివేదన చేయునవి యివియే. ఏవియు పొయ్యి యెక్కవు. శ్రీరామనవమినాటి పానకమును వడపప్పును అట్టివే. ఆమె మా యిసుకముద్దను వ్రేలితో నొక్కి చూచి, "నిప్పులేని వంటకు బళ్లో పోటీ పెట్టారా? ఇన్నేళ్లూ నువ్వు తిన్న చిమ్మిలి పొయ్యిమీద ఉడికిందనుకున్నావుట్రా?" అని నవ్వెను.

నలుబదియేండ్లుగా ఏటేట తినుచునే యుంటిమి. ఆ పోటీ నెవ్వరో నగరవాసులు కనిపెట్టిన క్రొత్తవిద్య యనుకొంటిమి. తినువానికి పాకము కనబడదు. ఫలము మాత్రమే కనబడును.

మూడవపర్యాయము. ఉదయము పట్టిన మబ్బు పది గంటలకు విడిచినది. మా డాబాపై నీళ్లతొట్టికి కప్పిన యినుపరేకు కలదు. చాక్లెట్టును సన్నగ తరిగి, క్రీమును వెన్నయు చేర్చి, స్టీలుగిన్నెలో పెట్టి, పైన గాజుమూత వేసి, గిన్నెను ఆ రేకుపై నుంచితిమి. మిగిలిన సరకు దానికి సరిగ చాలినది. గాలి వేడిమి 31 డిగ్రీలని ఫోను చెప్పుచుండెను. 34 రానిదే కరగదు గదాయని మాలో మేము తృప్తిపడితిమి. కాకులు రాకుండ గొడుగు చేతబట్టుకొని కాపలా నిలిచితిమి. చీమలవరుస యొకటి గోడవెంబడి రాగా దానిని మళ్లించితిమి. ప్రక్కయింటివారు డాబాపై బట్టలారవేయుటకు వచ్చి, గొడుగుతో గిన్నెకు కావలికాయు మమ్ము చూచి, పలుకరింపకయే దిగిపోయిరి.

ఇరువది నిమిషములకు ముక్కల అంచులు మెత్తబడెను. గిన్నెను జరపబోయి రేకును తాకగా వ్రేళ్లు చుఱుక్కుమనెను. గాలి వేడి వేఱు, ఎండలో నున్న యినుము వేడి వేఱు! నలుబది నిమిషములకు మూత తీసి చెంచాతో త్రిప్పితిమి. మొదట పాయలు పాయలుగా, తరువాత నున్నగా, మీగడవలె, ఒక్క గడ్డయైన లేకుండ కలిసినది. స్టవ్వుపై మేము చేసినదానికంటె మేలుగా వచ్చినది. ఎండ మెల్లగా కాచును, మాడ్చదు.

ఆ ఎండలో గొడుగు నేలబెట్టి కూర్చుంటిమి. ఎక్కడిదో కథ జ్ఞప్తికి వచ్చినది. ఎక్కడిదో యననేల, భారతములోనిదే, ఏటేట మేము పిల్లలకు చెప్పునదే. నలమహారాజు రాజ్యము పోగొట్టుకొని, రూపము మాఱి, బాహుకుడను పేర ఋతుపర్ణునికడ కొలువుండెను. దమయంతి వానిని శంకించి తన చెలికత్తెయగు కేశినిని పరీక్షింప పంపెను. కేశిని చూచివచ్చి చెప్పిన వింతలలో నొకటి: బాహుకుడు నిప్పు తెప్పించుకొనలేదు, పిడికెడు గడ్డి తీసికొని సూర్యున కెదురుగ పట్టగా అది మండినది. వాడు వండిన మాంసమును తెప్పించుకొని రుచి చూచి, వీడు నా భర్తయేయని దమయంతి గుర్తించినది. చెప్పిన వానిని బట్టికాదు, చేసిన పాకమును బట్టి!

ఎన్నిమాఱు లీకథ చెప్పితిమో! చెప్పి, నలభీమపాకము అను సమాసమునకు విగ్రహవాక్యము చెప్పించి, చెప్పనివానిని నిలువబెట్టితిమి. నలుడు మగవాడు. భీముడు మగవాడు, విరటుని కొలువున వలలుడై గరిటె పట్టినవాడు. ఆ సమాసమును నేర్పు నోటితోనే, ఎండలో పాకముచేసి తెచ్చిన బాలుని గాజులు తొడిగికొమ్మంటిమి. గాజులు తొడిగికొన్న చేతులతో వండిన యన్నమే ఆ యుదయమున మేము తినిపోయినది. వాడు మాకు ప్రత్యక్షప్రమాణమును పళ్లెములో పెట్టి చూపెను. మేము దానిని నోట వేసికొని, మింగి, అబద్ధమని వ్రాసితిమి.

ఇచ్చట చదువరులలో కొందఱనవచ్చును: మగవారు వండుట మాకు క్రొత్తగాదు, పెండ్లిండ్లలో వండువారెవ్వరు, హోటళ్లలో నెవ్వరు, తిరుమల పోటులో ప్రసాదములు చేయువారెవ్వరు అని. నిజమే. అదియే మా ప్రశ్నయును. వేయిమందికి వండి కూలి పుచ్చుకొన్న పురుషునకు లాఘవము లేదు. దేవునికి వండిన పురుషునకు గౌరవము. ఇంట నలుగురికి, ఊరక, ప్రతిదినము వండిన పురుషునకు నవ్వు. వంటలో లోపము లేదు గరిటెలో లోపము లేదు. జీతము లేకపోవుటలోనే యున్నది చిన్నతనమంతయు. జీతము లేని పనిని ఆడవారిపై పెట్టి, అది వారి స్వభావమని పేరుపెట్టితిమి. భారతప్రభుత్వమువారు 2019లో జనుల కాలవినియోగమును లెక్కవేసిరి. ఇంటివారికొఱకు జీతములేని యింటిపనులలో ఒకదినమున పాల్గొన్న స్త్రీలు నూటికి 81 మంది. పురుషులు 26 మంది. ఆ పాల్గొన్నవారిలోను స్త్రీలు దినమునకు 299 నిమిషములు, పురుషులు 97 నిమిషములు వెచ్చించిరి. ఆ లెక్కలోని యిరువదియార్గురిలో మేము లేము. ఎనిమిదవ తరగతి బాలుడున్నాడు.

మరల గిన్నెయొద్దకు వత్తము. నిమ్మతొక్క మిగిలియున్నది. మాది తెనాలి ప్రాంతము. నిమ్మకాయల బజారునకు ఆ పట్టణము పేరుపొందినది. కాని మన నిమ్మ వేఱు, ఆంగ్లేయుల లెమను వేఱు. వారిది కోలగా, మందపు తొక్కతో నుండును. మనది గుండ్రము, తొక్క కాగితమువంటిది. సువాసన యంతయు తొక్క పైపొరలోని నూనెలో నుండును. పులుపు రసములో నుండును. ఆ పొరకు క్రిందనున్న తెల్లని భాగము చేదు. వారి పద్ధతిలో తురుముమన్నారని మేము అల్లము తురుము రేకుపై మన నిమ్మపండును బలముగ రాచితిమి. పచ్చని తురుముతోపాటు తెల్లనిదికూడ వచ్చినది. రెండును కలిసి చూచుటకు అందముగనే యుండెను. కలిపివేసితిమి. పిమ్మట రసము చెంచాడు, ఉప్పు.

మూడుగంటలు ఫ్రిజ్జులో నుంచి తీసితిమి. ముద్ద గట్టిపడినది గాని మేము ఉండకట్టబోగా అరచేతిలోనే కరగి జారిపోవుచుండెను. మా తల్లి మా చేతులు పట్టుకొని చూచి, "నీ చేయి వేడిచేయి. లడ్డూ అయినా ఇంతే" అని, చన్నీళ్లలో చేతులు ముంచి, తడిలేకుండ తుడుచుకొని, చక్కెరపొడి రాచుకొని, అరచేతిని తాకించకుండ వ్రేళ్ల చివరలతోనే రెండు మలుపులు త్రిప్పి ఉండచేసి పళ్లెమున పడవేసినది. డెబ్బదియేండ్ల యామె ట్రఫులు అను మాట ఆనాడే విన్నది. మేము ఆ విధముననే కట్టితిమి. మొత్తము ఇరువదిరెండు ఉండలైనవి. వానిలో గుండ్రనివి మా తల్లివి. మొదటిది మా భార్య చేతిలో పెట్టితిమి. ఆమె తిని, "కాఫీ కూడా ఇంతకంటే కష్టమేం కాదు" అనెను. ఆ సాయంకాలము కలిపితిమి. పంచదార ఎక్కువైనది.

మఱునాడు శనివారము. మొదటి గంట ఎనిమిదవ తరగతిదే. డబ్బాను బల్లపై పెట్టి, హాజరు వేసి, లేచి నిలిచితిమి. ఈ వ్యాసమంతట 'మేము' అని వ్రాసికొనుచున్న మాకు ఆ యొక్క దినమున 'నేను' అనియే మాట వచ్చినది. వాడు అబద్ధమాడలేదని చెప్పితిమి. చాక్లెట్టు ఎండలో కరగును, మా డాబాపై కరగించి చూచితిమని చెప్పితిమి. గాజులమాట యనరానిదని, ఆమాట వానినే కాదు, ఈ గదిలో గాజులు తొడిగికొని కూర్చున్న పిల్లలందఱినికూడ అన్నట్లని చెప్పితిమి. ఈసారి ఎవ్వరును నవ్వలేదు. పోటీ బహుమతి ముందే యిచ్చివేసిరి; తెచ్చుకొన్న బాలిక తప్పేమియు లేదు గనుక దానిని కదిలింపలేదు. మార్కుల కాగితమును మాత్రము కార్యాలయమునుండి తెప్పించి, మా సున్నను కొట్టివేసి, ప్రక్కన వేయవలసినది వేసి, క్రింద సంతకముచేసితిమి.

వానిని పిలిచి డబ్బా ముందుకు జరపితిమి. వాడొక ఉండ తీసికొని, మేము మొన్న తిన్నట్లు నోట పడవేసికొనలేదు. సగము కొఱికి, కొఱికినచోటు చూచి, మెల్లగా చప్పరించెను. మిగిలిన సగమును తినెను. ఏమియు ననక నిలుచుండెను.

"ఎట్లా ఉందిరా?"

"బాగుందండి."

"పరీక్షకుడివి నువ్వు. నిజం చెప్పు."

వాడు చేయి చొక్కాకు తుడుచుకొనెను. "తొక్క తురిమేటప్పుడు తెల్లపొర కూడా పడిందండి మాస్టారూ. చివర్న చేదొస్తోంది. మన నిమ్మకాయని ఒక్కసారే పైపైన తిప్పి వదిలేయాలండి, గట్టిగా రాయకూడదు."

"ఎన్ని మార్కులు వేస్తావు?"

వాడు చాలసేపు ఆలోచించెను. "ఆరండి."

"పదికా?"

"పదికేనండి."

మిగిలిన ఉండలను పిల్లలందఱికి పంచితిమి. చాలక, సగము సగము చేసి యిచ్చితిమి. వెనుకబల్లనుండి ఎవడో, "ఆరు ఎక్కువేనండి" అనెను.